పడుగు పక్కన పరిచిన గొలుసు

నేను ఒక గొలుసును. మెడలో వేసుకునేదాన్ని కాను, గేదెకు కట్టేదాన్నీ కాను. భూమిని కొలిచే గొలుసును. అరవై ఆరు అడుగుల పొడవు, నూరు లంకెలు, రెండు కొసలా రెండు ఇత్తడి పిడులు. నాకు లెక్క నూరు దాకానే వచ్చు, నా ఒంటి మీద అంతకు మించి లేదు కనుక. అయినా నగర, గ్రామీణ ప్రణాళిక చదువు చెప్పే ఒక విశ్వవిద్యాలయ విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేశాను. నా పిడి పట్టుకుని ఎండలో నడిచి, పట్టా పుచ్చుకుని, పెద్ద పెద్ద పట్నాలకు ప్లానులు గీస్తున్న పిల్లలు ఎంతమందో ఉన్నారు. వాళ్ళ పట్టాల మీద నా పేరు లేదనుకోండి. పెంచిన చేతుల పేర్లు ఎవరి పట్టా మీద ఉంటాయి గనుక.

పుట్టింది మద్రాసు రేవు పక్కన ఒక కార్ఖానాలో, దొరల కాలంలో. ఇనుప తీగను ముక్కలుగా కోసి, కొసలు వంచి, ముక్కకూ ముక్కకూ మధ్య మూడేసి చిన్న కడియాలు వేసి నన్ను అల్లారు. లంకె అంటే జానెడుకు కొంచెం తక్కువ. ప్రతి పది లంకెలకూ ఒక ఇత్తడి బిళ్ళ తగిలించారు. పది దగ్గర బిళ్ళకు ఒక పన్ను, ఇరవై దగ్గర రెండు, ముప్ఫైకి మూడు, నలభైకి నాలుగు, నట్టనడుమ ఏభై దగ్గర గుండ్రటి బిళ్ళ. అక్కణ్ణుంచి మళ్ళీ నాలుగు, మూడు, రెండు, ఒకటి. అంటే ఎటు నుంచి పట్టుకున్నా నేను ఒకేలా ఉంటాను. నా అందమూ అదే, కొత్తవాళ్ళ పాలిట గండమూ అదే. ఒక ఏడు మొదటి సంవత్సరం పిల్లలు నలభైని అరవై అని చదివి తమ గ్రంథాలయానికి పటం గీస్తే, దాని తలుపు పోయి పోయి సైకిళ్ళ షెడ్డులోకి తెరుచుకుంది. వాళ్ళ పంతులుగారు ఆ పటాన్ని గోడకు తగిలించి, "పుస్తకం చదువుతూ చదువుతూనే సైకిలెక్కచ్చు, బాగుంది" అన్నారు.

నన్ను మొదట ఏలుకున్నది సోమయాజులుగారని ఒక సర్వేయరు. పొలంలో పరిచే ముందు నన్ను తుండుగుడ్డతో తుడిచేవారు, మడిచాక ఇంకోసారి తుడిచేవారు. ఆయన చంకనెక్కి నేను చూడని గట్టు లేదు. గట్ల దగ్గర మనుషుల్ని చూడాలి. ఆస్తి పంచుకునే అన్నదమ్ముల్లో ఒకడు "బిగించి లాగండయ్యా" అంటాడు, ఇంకొకడు "అంత లాగితే తెగిపోదూ, కాస్త వదలండి" అంటాడు. ఇద్దరికీ నా మీదే జాలి. సోమయాజులుగారు ఇద్దరి మాటా విని, తలాడించి, ఎంత లాగాలో అంతే లాగేవారు. ఇనుముకు నీతి ఉంటుందని నాకు ఆయన దగ్గరే తెలిసింది. ఆయన ఉద్యోగం అయిపోయాక నేను సర్వే కచేరీలో ఒక మూల చాలాకాలం పడి ఉన్నాను. కొత్త టేపులు వచ్చాయి, దుర్భిణి పెట్టెలు వచ్చాయి. అప్పుడే విశ్వవిద్యాలయంలో ఈ చదువు మొదలుపెట్టి, ఊళ్ళ పాత లెక్కలన్నీ ఇంకా లంకెల్లోనే ఉన్నాయి గనుక పిల్లలకు గొలుసు కూడా నేర్పాలని నన్ను అడిగి తీసుకువెళ్ళారు. అడిగి మరీ తీసుకువెళ్ళారు. ఆ మాట నేను రెండుసార్లు చెబుతాను.

ఇక్కడి చదువు ఎట్లా ఉంటుందో చెప్పాలి మీకు. ఏటా మూడో సంవత్సరం పిల్లలు ఒక ఊరిని ఎంచుకుంటారు. బస్సేసుకుని వెళ్ళి, వీధి వీధీ కొలిచి, ఏ చోటు దేనికి వాడుతున్నారో ఫారాల్లో రాసుకుని వస్తారు. వచ్చాక ఊరికి రంగులు వేస్తారు. ఇళ్ళకు పసుపు, దుకాణాలకు నీలం, పని జరిగే కార్ఖానాలకు ఊదా, పొలాలకు ఆకుపచ్చ, రోడ్లకు బూడిద రంగు. ఏమీ లేని చోటును తెల్లగా వదిలేస్తారు. ఆ తర్వాత ఊరు ఇట్లా ఉంటే బాగుంటుందని ఇంకో పటం గీస్తారు. చివరికి పటాలన్నీ గోడలకు తగిలించి, బయటినుంచి వచ్చిన పెద్దల ముందు నిలబడి జవాబులు చెబుతారు. దాన్ని జ్యూరీ అంటారు. ఆ పూట పిల్లల మొహాలు చూస్తే పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాళ్ళే నయం.

ఆ ఏడు నూకలవారిపాలెం వంతు వచ్చింది. సముద్రానికి కొంచెం ఇవతల ఉన్న ఊరు. సర్పంచి గౌరీపతి బియ్యం వ్యాపారి, కబుర్లపోగు. స్వయంగా విభాగానికి వచ్చి, "మాకు సిమెంటు రోడ్లకి నిధులొచ్చినయ్. మీ పిల్లలు ఎట్టా గీస్తే అట్టా ఏయిస్తా" అని మాట ఇచ్చి పోయాడు. పిల్లల పటాలు మామూలుగా అటకెక్కుతాయి. ఇది నేల మీదకు దిగే పటం. అందుకే ఆ తరగతి చూసే కృపావతి మేడం పిల్లలకు ముందే చెప్పింది: "ఈసారి మీరు తప్పు గీస్తే ఆ తప్పు మీద జనం నడుస్తారు. గుర్తు పెట్టుకోండి."

నలుగురేసి చొప్పున వీధులు పంచారు. సాలెల వీధి వినీల్ జట్టుకు వచ్చింది. వినీల్ బొమ్మలు బాగా వేస్తాడు. చెట్టు వేస్తే దాని కింద కూర్చోబుద్ధవుతుంది. అదే జట్టులో ఝాన్సీ ఉంది. తెనాలి బస్సు కండక్టరుగారి అమ్మాయి. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఫారాలు నింపే పని ఎప్పుడూ ఆమెకే తగిలిస్తారు. సామాను గదిలో అటెండరు ఏసుదాసు దగ్గర లేజరు పరికరం రాయించుకున్నాక, ఆమె నన్ను కూడా ఇమ్మని అడిగింది.

"ఈ ముసల్దాన్ని ఎందుకు మొయ్యటం, మూడు కేజీలుంటది" అన్నాడు వినీల్.

"ముసల్దే గాని అబద్ధం చెప్పదు. నీ లేజరు సంగతి ఎండలో తెలుస్తది పో" అన్నాడు ఏసుదాసు. కిరసనాయిలు గుడ్డతో ఏటా నన్ను తుడిచే మనిషి, నా తరపున మాట్లాడకపోతే ఎట్లా.

అన్నట్టే అయింది. విశ్వవిద్యాలయం బస్సు ఎనిమిదిన్నరకు కదిలి, పిల్లలు ఫలహారం దగ్గర ఆగి, మళ్ళీ టీ దగ్గర ఆగి, ఊరు చేరేసరికి పదకొండయింది. ఆ ఎండకు లేజరు ఎర్రచుక్క ఎక్కడ పడిందో నలుగురు వెతికినా కనపడలేదు. అప్పుడు నన్ను విప్పారు. నేను ఝల్లుమని నేల మీద పరుచుకుంటే ఆ పెద్ద వీధి చాలా ముచ్చటగా అనిపించింది. అరవై లంకెల వెడల్పు, అంటే దగ్గర దగ్గర నలభై అడుగులు. గీత గీసినట్టు నిటారుగా తొమ్మిది గొలుసుల పొడవు. అటో పదకొండు ఇళ్ళు, ఇటో పదకొండు. లోపల్నుంచి మగ్గాల చప్పుడు టకటకా వినిపిస్తోంది. వీధిలో మాత్రం ఒక్క మనిషి లేడు. ఒక కోడి అడ్డంగా నడిచిపోయింది.

అరుగు మీద చిలపగా చుట్టిన నూలు విడదీస్తూ ఒక పెద్దాయన కూర్చుని ఉంటే వినీల్ వెళ్ళి అడిగాడు: "తాతగారూ, ఈ వీధి దేనికి వాడతారు?"

ఆయన వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "ఖాళీయే గదా బాబూ" అన్నాడు.

ఝాన్సీ తన ముత్యాల అక్షరాలతో ఫారం మీద 'ఖాళీ' అని రాసింది. వినీల్ అప్పటికే కళ్ళు సగం మూసి చెట్లు నాటుతున్నాడు. "ఇంత చిన్న ఊరికి ఇంత వెడల్పు వీధా. మధ్యలో డివైడర్ వేద్దాం. రెండడుగుల మట్టి, మధ్యలో పొగడ మొక్కలు, మొక్కల మధ్య దీపాల స్తంభాలు, కూర్చోటానికి బల్లలు. జిల్లాలోనే ఇట్లాంటి వీధి ఉండదు" అన్నాడు. మిగతా ముగ్గురూ తలలూపారు. నాకూ బాగానే తోచింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కొలతలైతే నేను సరిగ్గానే చెప్పాను. అరవై లంకెల వెడల్పంటే అరవై లంకెల వెడల్పే.

ఒంటిగంటకు బస్సు హారను కొట్టింది. అన్నాల వేళ. నలుగురూ పరిగెత్తారు. నన్ను ఝాన్సీ తీసుకుందని వినీల్ అనుకున్నాడు, వినీల్ తీసుకున్నాడని ఝాన్సీ అనుకుంది. నేను అరుగు పక్కన మడత పెట్టి పెట్టినట్టే ఉండిపోయాను. ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను మరిచిపోవడం అదే మొదలు. కష్టంగానే అనిపించింది, దాచను. ఆ పెద్దాయన భార్య నన్ను చూసి, "ఎవరో పిల్లలు ఒదిలేసి పొయినట్టున్నారు" అని అరుగు మీదకెక్కించి పైన గోనెపట్టా కప్పింది. ఆవిడ పేరు భద్రావతమ్మ, ఆయన పేరు భావనారాయణ. ఏభై ఏళ్ళుగా ఇద్దరికీ కలిపి ఒక మగ్గం.

తెల్లవారకముందే వీధి లేచింది. నేను గోనెపట్టా కంతలోంచి చూస్తున్నాను. ఇటు ఇంట్లోంచి ఇద్దరు, అటు ఇంట్లోంచి ముగ్గురు వచ్చారు. వీధి నట్టనడుమ ఎడంగా అటూ ఇటూ గూటాలు, అంటే కర్ర మేకులు, దిగేశారు. మధ్యలో కత్తెరలా కట్టిన వెదురు కర్రలు వరసగా నిలబెట్టారు. భావనారాయణ భుజం మీదున్న నూలు చుట్టను మెల్లగా విప్పుకుంటూ నడిస్తే, అది చాపలా పరుచుకుంటూ, వెదురు కర్రల మీద ఎక్కుతూ పోయింది. చీరకు నిలువు పోగులు ఉంటాయే, వాటి వరస అది. పడుగంటారు. వేల పోగులు పక్కపక్కనే, ఒకదాన్ని ఒకటి తాకకుండా. దాని మీద బియ్యపు గంజి చల్లి, గడ్డివేళ్ళతో కట్టిన పెద్ద కుంచెను అటొకరు ఇటొకరు పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకూ ఈ కొస నుంచి ఆ కొసకూ దువ్వుతున్నారు. భద్రావతమ్మ వెనకనే నడుస్తూ తెగిన పోగుల్ని వేళ్ళ మధ్య నలిపి అతుకుతోంది. ఎండ చురుక్కుమనకముందే అంతా అయిపోవాలి. ఎండెక్కితే గంజి గట్టిపడి పోగులు పుటుక్కున తెగుతాయి. ఈ ఒక్క ఇంటి పనికి ఆరిళ్ళ మనుషులు. రేపు ఇంకో ఇంటి వంతు, ఎల్లుండి మరో ఇంటిది. ఎవరి వంతు ఎప్పుడో ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. పాలవాడు సైకిలు దిగి, గోడ వారగా నడిపించుకుంటూ పోయాడు. బండివాళ్ళు ఆ వేళప్పుడు ఆ వీధికి రానే రారు.

నేనూ పొడుగ్గా పరుచుకునే జాతిదాన్నే. కాని అది చూశాక నా నూరు లంకెలూ నాకే తక్కువనిపించాయి.

ఆరున్నర బస్సుకు ఝాన్సీ దిగింది. గొలుసు ఆమె పేరున రాసి ఉంది గనుక, పదింటిలోపు తెచ్చి పెట్టకపోతే ఏసుదాసు ఊరుకోడని తెల్లారగట్ల బయల్దేరి వచ్చింది పాపం. వీధి మొదట్లోనే ఆగిపోయింది. నిన్న కోడి నడిచిన చోట ఇవాళ ఏమున్నదో చూసి అట్లాగే నిలబడింది. తర్వాత అవతలి అరుగు మీద గోనెపట్టా కంతలోంచి నా పిడి మెరవడం కనపడి, పడుగు దాటబోయింది.

"ఆగమ్మాయ్" అంది భద్రావతమ్మ, తలెత్తకుండానే. "పైనుంచి దాటబాకు. కర్రల కింద నుంచి ఒంగి రా. దాని మీద పడ్డావంటే ఈ ఏడు చీరలూ నువ్వే కట్టుకోవాల."

ఝాన్సీ వంగి వచ్చి, నన్ను చేతిలోకి తీసుకుని, ఏమీ తోచక అడిగింది: "మామ్మగారూ, నిన్న మేమొచ్చినప్పుడు ఇదేం లేదు కదా."

"నిన్న నువ్వొచ్చింది పదకొండింటికి గందా. అప్పటికి పడుగు చుట్టేసి మగ్గం గుంటలో కూచునుంటాం. ఉన్న కాళ్ళు రెండే, ఈదిలోనూ గుంటలోనూ ఎట్టా పెడతాం."

"మరి తాతగారిని అడిగితే ఖాళీ అన్నారు."

భావనారాయణ కుంచె ఆపకుండానే వెనక్కి చూశాడు. "ఆ అబ్బాయి ఈది చూపించి అడిగాడు. అప్పుడు ఖాళీయే మరి. ఉన్నదున్నట్టు చెప్పా."

ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను. నిన్న ఫారం మీద ఆ మాట రాసిన చెయ్యి అది. డివైడర్ సంగతీ మొక్కల సంగతీ వాళ్ళకు చెప్పింది. కుంచె ఆగింది. గంజి కుండ పట్టుకున్నావిడ కుండ దింపింది.

"ఈది మజ్జలో గోడా?" అన్నాడు భావనారాయణ.

"గోడ కాదు తాతా. మొక్కలు."

"మొక్కలైతే మాత్రం. పడుగు చెట్టెక్కి పోద్దా?"

"ఇంకెక్కడైనా వేసుకోటానికి చోటు లేదా?"

"ఇంత తిన్నగా, ఇంత పొడుగు చోటు ఈ ఊళ్ళో ఇదొక్కటే. మా తాతలు ఇళ్ళు ఎనక్కి జరిపి కట్టుకుంది ఇందుకేనమ్మాయ్. ఈది పోతే ఇంక సొంత పడుగుండదు. షావుకారు ఇచ్చిన పడుగు తెచ్చుకుని, ఆయన చెప్పిన చీర నెయ్యాల. మన అంచు మనది గాదు, మన రంగు మనది గాదు." ఆ మాట అని మళ్ళీ కుంచె పట్టుకున్నాడు, ఎండ పైకొస్తోంది గనుక.

భద్రావతమ్మ మాత్రం నవ్వింది. "చెప్పావు గదా, అదే పదేలు. చెప్పకుండా గునపాలు దిగేసే వోళ్ళు గూడా ఉంటారు. నిన్ను తిట్టి ఏం లాభం. అది ఇనప గొలుసంట గదా, ఏదీ, మా పడుగెంతుందో అది చెప్పుద్దా?"

అప్పుడు ఝాన్సీ నన్ను విప్పింది. ఒక పిడి ఆమె చేతిలో, ఇంకో పిడి భద్రావతమ్మ చేతిలో. గంజి తడి అంటిన ఆ చేతిలో నేను జారకుండా ఉండటానికి ఎంత ఒద్దికగా ఉన్నానో నాకే తెలుసు. పడుగు పక్కనే నన్ను నేల మీద పరిచారు. పైన నూలు, కింద ఇనుము. ఒకసారి పరిచారు, చాలలేదు. ఇంకోసారి ముందుకు జరిపారు. సరిగ్గా అక్కడికి సరిపోయింది.

"రెండు గొలుసులు" అంది ఝాన్సీ.

"రెండు గొలుసులంట" అంది భద్రావతమ్మ వీధంతటికీ వినపడేట్టు. "మా తాతలకి గొలుసు లేదు, మూరేసి చూసుకున్నారు. మీ గొలుసుకి ఏం తీసిపోలేదు గందా."

ఝాన్సీ తొమ్మిదింటి దాకా అక్కడే ఉంది. వంతులెట్లా వస్తాయో, గూటాలెక్కడ దిగుతాయో, కర్రకూ కర్రకూ ఎంత దూరమో అన్నీ కొలిచి రాసుకుంది. వెళ్ళబోతుంటే భద్రావతమ్మ ఇంకో సంగతి వేసింది: "డివైడరు లేకపోయినా, సిమెంటేస్తే గూటాలెక్కడ దిగుతయ్యమ్మాయ్? బండరాయిలో దిగవు గదా." ఆ మాట కూడా రాసుకుంది. నేను ఏసుదాసు బల్ల మీదకు చేరేసరికి పదకొండున్నర. ఏసుదాసు గడియారం చూశాడు, ఆమె మొహం చూశాడు, పుస్తకంలో పదింటికి వచ్చినట్టు గీత గీశాడు. మంచివాడు.

ఝాన్సీ ధైర్యం చేసి ఈ సంగతి జట్టుకు చెప్పేసరికి వారం గడిచింది, జ్యూరీకి ఇంక నాలుగు రోజులుంది. పటాలు గీసే పెద్ద గదిలో గొడవ అయింది. నేను ఝాన్సీ సంచిలోనే ఉన్నాను, మళ్ళీ రాయించుకుంది నన్ను.

వినీల్ అన్నాడు: "ఆరు రోజులు కూర్చుని ఆ పొగడ చెట్లు ఒక్కొక్కటీ చేత్తో వేశాను. ఇప్పుడు చెరిపెయ్యమంటావా? సర్వేకి అందరం కలిసి పోయాం, అందరం చూశాం, ఖాళీగానే ఉంది. ఫారంలో రాసింది కూడా నువ్వే."

"నేనే రాశాను. అందుకే చెప్తున్నా. ఆ మాట తప్పు కాదు వినీల్, కాని పదకొండింటి మాట. ఊరంతా పదకొండింటికే బతకదు కదా."

"జట్టు మొత్తానికి ఒకటే మార్కు. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే నలుగురం మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. నీకేం, నీ మనసు కుదుటపడుద్ది. మా సంగతి?"

వినీల్ చెడ్డవాడు కాడు, ఆ మాట చెప్పాలి. ఆరు రోజులు కష్టపడ్డ చేతులకు నొప్పి ఉంటుంది. ఝాన్సీ అతని పటాన్ని ముట్టుకోలేదు. ఒక కొత్త కాగితం తీసుకుని, అదే వీధిని నాలుగుసార్లు గీసింది. పొద్దున ఆరింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి. పదకొండింటి బొమ్మలో కోడిని కూడా వేసింది. తెచ్చి చెట్ల పటం పక్కనే తగిలించింది.

జ్యూరీ రోజున హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఎన్నో పట్నాలకు ప్లానులు వేసి రిటైరైన మనిషి. కృపావతి మేడం ఉంది, సర్పంచి గౌరీపతి కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. చెట్ల పటం చూసి ఆయన మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఇదీ ఈదంటే. పక్కూరోళ్ళు కుళ్ళుకోవాల" అన్నాడు.

పెద్దాయన మాత్రం రెండో కాగితం దగ్గర నిలబడ్డారు. "ఇదేమిటమ్మా, రెండు పటాలు ఒకదానికొకటి పొసగడం లేదు. ఇందులో మీది ఏది?"

ఝాన్సీ రెండో కాగితం పక్కకు వచ్చి నిలబడింది. "మొదటిది మా పటం సార్. రెండోది ఆ వీధి. మేం తప్పు వేళకి వెళ్ళాం." అంతా చెప్పింది. పడుగంటే ఏమిటో, ఎన్నింటికి పరుస్తారో, మధ్యలో మొక్క నాటితే ఏమవుతుందో. ఫారం మీద 'ఖాళీ' అని రాసింది తానేనని కూడా చెప్పింది.

"ఎంత పొడుగుంటుంది ఆ పడుగు?" అన్నారు పెద్దాయన.

ఆమె సంచిలోంచి నన్ను తీసింది. నేల మీద విసిరి విప్పింది. ఆ గదిలో నా చప్పుడు ఎట్లా మోగిందో మీరు వినాల్సింది. ఒక పిడి తీసుకెళ్ళి గోడకు ఆనించి తొక్కిపట్టింది. రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ లేరు. మిగతా ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు వినీల్ గోడ దగ్గర్నుంచి కదిలాడు. వంగి నా రెండో పిడి అందుకుని, బల్లల మధ్య నుంచి, పెద్దవాళ్ళ కుర్చీల పక్క నుంచి, తలుపు దాటి, వరండాలోకి నడిచాడు. నేను బిగుసుకునే దాకా నడిచి, అక్కణ్ణుంచి కేకేశాడు: "ఇది సగమే సార్."

సర్పంచి కాళ్ళు రెండూ కుర్చీ మీదకు తీసుకుని నన్ను చూస్తున్నాడు. పెద్దాయన ఆయన వైపు తిరిగి, "మీ ఊరే కదా, ఈ సంగతి మీకు తెలియదా?" అన్నారు.

"తెలవకేమండీ. పుట్టినకాణ్ణుంచీ చూస్తున్నదే." గౌరీపతి బుర్ర గోక్కున్నాడు. "రోజూ చూసేది గదా, అది గూడా ఒక సంగతని అనిపించలా."

పెద్దాయన సర్వే ఫారం అడిగి తెప్పించుకుని చూశారు. తారీఖు రాయడానికి గడి ఉంది. ఎన్ని గంటలకు వెళ్ళారో రాయడానికి గడి లేదు. "ఈ ఫారం నేను ఉద్యోగంలో ఉండగా తయారు చేయించిందే" అన్నారు. కృపావతి మేడం పెన్సిలు తీసి, తారీఖు పక్కన ఒక గీత గీసి, 'వేళ' అని రాసింది. ఇప్పుడు పిల్లలు వాడే ఫారాల్లో ఆ గడి అచ్చులోనే వస్తోంది.

ఆ పూట ఆ జట్టుకు మార్కులు వేయలేదు. పది రోజులు గడువిచ్చి మళ్ళీ గీయమన్నారు. నలుగురూ ఈసారి ఊళ్ళోనే బడి వరండాలో పడుకుని తెల్లారగట్ల సర్వే చేశారు. ఆ వీధికి ఏ రంగు వేయాలన్నది పెద్ద చర్చ అయింది. రోడ్డంటే బూడిద రంగు, పని జరిగే చోటంటే ఊదా. చివరికి బూడిద రంగు మీద ఊదా చారలు వేశారు. వినీల్ తన పొగడ చెట్లన్నీ ఇళ్ళ వారకు జరిపాడు. జరిపాక అవి ఇంకా బాగున్నాయని భద్రావతమ్మే అన్నది, అరుగు మీద నీడ పడుతుంది గనుక. సిమెంటులో గూటాలు దిగవన్న మాటకు జవాబుగా, వీధి మధ్య వరసగా ఇనుప గొట్టాలు పాతిపెట్టాలనీ, అక్కర లేనప్పుడు వాటికి మూతలు పెట్టాలనీ రాశారు. గొట్టానికీ గొట్టానికీ మధ్య ఇరవై అయిదు లంకెలు. ఆ కొలత నాది.

రోడ్డు పని మొదలుపెట్టే రోజున ముగ్గు వేసి హద్దులు గుర్తించాలి. ఝాన్సీ ఏసుదాసును అడిగి నన్ను తీసుకువెళ్ళింది. ప్రభుత్వ ఇంజనీరు ఏడింటికే మనుషుల్ని వేసుకుని జీపులో దిగాడు. వీధి మధ్యలో పడుగుంది. ఆ రోజు ఎదురింటి వాళ్ళ వంతు.

"ఎవరయ్యా అది, తీయండి. పని మొదలెట్టాలి" అన్నాడు.

భావనారాయణ కుంచె ఆపలేదు. భద్రావతమ్మ పోగు అతుకుతూనే, "ఇప్పుడు తీస్తే ముద్దయిపోద్ది బాబూ. మీ కాయితంలో ఏదో రాసుందంట, చూసుకోండి" అంది.

ఇంజనీరు చిరాగ్గా పటం విప్పాడు. ఊదా చారల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది: 'పొద్దున అయిదు నుంచి తొమ్మిది వరకు పడుగు. ఈ వేళలో వీధి నేతగాళ్ళది.' కింద విభాగం ముద్ర, పంచాయతీ ముద్ర, ఆయన సొంత ఆఫీసు ముద్ర. ఆయన ఒకసారి చదివాడు, ఇంకోసారి చదివాడు. పటం చుట్టి చంకలో పెట్టుకుని, పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. పనివాళ్ళు కూడా అరుగుల మీద సర్దుకున్నారు. ఝాన్సీ నన్ను ఒళ్ళో పెట్టుకుని భద్రావతమ్మ గడప మీద కూర్చుంది.

నా జన్మలో నేను పరిచిన చోటల్లా మనుషులు పక్కకు జరిగారు, పశువులు జరిగాయి, పంటలు తొక్కుడు పడ్డాయి. కొలతకు దారి ఇమ్మని ఎవరూ అడగనక్కర్లేదు, దానంతటదే దారి తీసుకుంటుంది. ఆ పొద్దున మాత్రం ప్రభుత్వమూ, ఇంజనీరూ, నేనూ ముగ్గురం ఒక పడుగు ఆరేదాకా ఆగాం. ఎంత గౌరవంగా ఆగామో చెప్పలేను.

తొమ్మిదైంది. పడుగు చుట్టి భుజాన వేసుకుని ఎదురింటివాళ్ళు లోపలికి వెళ్ళారు. భద్రావతమ్మ చీపురు తెచ్చి వీధి మధ్యలో గంజి చుక్కలు ఊడ్చి, "ఇంక మీ గొలుసు పరుచుకోండమ్మాయ్" అంది. అప్పుడు నన్ను విప్పారు.